హృదయము పెరిగినదన్న వార్త విన్న పిమ్మట

దగ్గు తగ్గలేదనియో, ఉద్యోగములో చేరుటకనియో, శస్త్రచికిత్సకు ముందనియో రొమ్మునకు ఎక్స్‌రే తీయించుకొందుము. నివేదికలో “హృదయము పెరిగినది” అని ఒక పంక్తి యుండును. సరూర్‌నగర్‌లో ఒక గృహస్థు సాయంకాలము ఆ కాగితముతో ఇల్లు చేరినాడనుకొందము. ఆ రాత్రి ఆ యింట ఎవరికిని నిద్రపట్టదు. తెల్లవారుసరికి సలహాలు వచ్చును. “ఇక మెట్లెక్కవద్దు, బరువెత్తవద్దు” అని భయపెట్టువారు కొందరు; “ఆయాసమేమియు లేదుగదా, ఆ కాగితము బీరువాలో పెట్టండి” అనువారు కొందరు. రెండును తొందరపాటు మాటలే. ఆ పంక్తి తీర్పు కాదు, ప్రశ్న. దానికి సమాధానము తరువాతి పరీక్షలలో నున్నది.

1895లో రాంట్‌గెన్ కనుగొనిన ఎక్స్‌రే చూపునది గుండె నీడను మాత్రమే. పెద్దవారిలో ఆ నీడ వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగమును మించినచో గుండె పెరిగినదని వ్రాయుదురు. కాని దీపమునకు చేయి దగ్గరైనకొలది గోడమీది నీడ పెద్దదగునుగదా! రోగిని పరుండబెట్టి ముందువైపునుండి తీసినను, అతడు ఊపిరి నిండుగ పీల్చకున్నను, గుండె ఉన్నదానికంటె పెద్దదిగ కన్పించును. కావున చిత్రము ఎట్లు తీసినదో మొదట వైద్యుని అడుగవలెను.

నిజముగా పెరిగినదే యైనచో, ఏల పెరిగినదన్నది తరువాతి మాట. సరూర్‌నగర్ వారికి చెరువు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరులో కుండపోతగా వానలు కురిసినప్పుడు చెరువు పొంగి చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినవి. చెరువు పెరిగినదని తెలిసినంతనే చేయవలసిన పని తెలియదు. వచ్చు నీరు హెచ్చినదా, పోవు దారి పూడినదా, కట్ట బలహీనపడినదా అని చూడవలెను. గుండెయు నిట్టిదే. రక్తపోటు చిరకాలము అధికముగ నున్నచో గుండెగోడ మందమగును. చిన్ననాటి గొంతునొప్పి వెంట వచ్చిన కీళ్ళవాతజ్వరము కవాటములను చెరచినచో, ముందుకు పోయిన రక్తము వెనుకకు మరలి గది సాగును. గుండెపోటు వలనను, అతిగా మద్యము త్రాగుట వలనను, కొన్ని వంశదోషముల వలనను కండరము నీరసించి గదులు వెడల్పగును. రక్తహీనత, థైరాయిడ్ వ్యాధులును కారణములు కావచ్చును. గుండె చుట్టునున్న పొరలో నీరు చేరినను నీడ పెద్దదగును. కారణమునుబట్టియే చికిత్స.

కావున వైద్యుడు మొదట రక్తపోటు చూచి, స్టెతస్కోపుతో కవాటముల ధ్వని వినును. గుండెలోని విద్యుత్తు నడకను ఇ.సి.జి. గీయును, దీనిని రూపొందించిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించినది. రక్తములో హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్, మూత్రపిండముల స్థితి చూతురు.

వీనిలో ముఖ్యమైనది ఎకో పరీక్ష. దీని కథ రేడియో శ్రోతలకు ప్రీతికరము. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరమున వైద్యుడు ఎడ్లర్, భౌతికశాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ కలిసి, ఓడల కర్మాగారములో లోహపు పగుళ్ళు కనిపెట్టు ధ్వనియంత్రమును తెచ్చి గుండెపై ప్రయోగించిరి. ఈ హెర్ట్జ్, రేడియో తరంగముల ఉనికిని నిరూపించిన హైన్రిఖ్ హెర్ట్జ్ వంశమువాడే. మన చెవికి వినిపించని ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనితో గుండెను చిత్రించుట ఇందలి కిటుకు. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణములును లేవు. ఏ గది పెరిగినది, గోడ మందమెంత, కవాటములు సరిగ మూసికొనుచున్నవా, చుట్టు నీరున్నదా అన్నవి తెలియును. ఎడమ జఠరిక ఒక్కొక్క స్పందనకు తనలోని రక్తములో నూటికెన్ని వంతులు వెలికి నెట్టుచున్నదో కూడ తెలియును. సామాన్యముగ ఇది 55 నుండి 70 వరకు నుండును. అవసరమైనచో ఎం.ఆర్.ఐ., యాంజియోగ్రాం వంటివి తరువాత చేయుదురు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వారికి దూరమొక అడ్డంకి కాదు. 2018 నుండి ఎల్.బి.నగర్ మెట్రో రైలు ఉస్మానియా మెడికల్ కళాశాల మీదుగా పంజాగుట్టకు పోవుచున్నది. ఉస్మానియా ఆసుపత్రికిని, నిమ్స్‌కును పోవుటకు ఈ దారియే చాలును. పోవునప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుచున్న మందుల చీటి వెంట తీసికొనిపోవలెను. తల్లిదండ్రులలో, తోబుట్టువులలో గుండెజబ్బుగాని, అకాలమరణముగాని యున్నచో దాచక చెప్పవలెను. వైద్యుడు చెప్పనిదే మందులు మానరాదు.

అయితే పరుండినచో ఆయాసము, కాళ్ళవాపు కన్పించినచో పరీక్షతేదీకై వేచియుండక నాడే వైద్యునొద్దకు పోవలెను. రొమ్మునొప్పి వచ్చినను, స్పృహ తప్పినను, ఊపిరాడకున్నను వెంటనే 108కు ఫోను చేయవలెను.

దుఃఖము వచ్చినప్పుడు గుండె చెరువైనదందుము. కాగితమును చూచి అట్లు కానక్కరలేదు. కారణము వేళకు తెలిసి చికిత్స జరిగినచో, పెరిగిన గుండె కొందరిలో మరల తగ్గుటయు కలదు. బీరువాలోని కాగితము మాత్రము ఎవరికిని మేలు చేయదు.