పాత కారు క్రింద నల్లని మరక

ఉదయం కారు తీసిన తరువాత పార్కింగ్ స్థలంలో అరచేతి వెడల్పున నల్లని మరక కనిపించడం కువైట్‌లోని మన కుటుంబాలలో అనేకులకు అనుభవమే. ఈ బండిని అమ్మివేయాలా, లేక మరి రెండేళ్ళు నడపవచ్చునా? పిల్లల ఫీజులు, సెలవుల టిక్కెట్లు ముందున్నపుడు ఇది చిన్న ప్రశ్న కాదు.

కారిన ద్రవమేదో మొదట తేల్చుకోవాలి. ఏ.సి. నడిచిన కారు క్రింద పడే నీరు గాలిలోని తేమయే; దానికి వెరవనక్కరలేదు. ఎర్రని జిడ్డు సాధారణంగా గేరుబాక్సుది లేక పవర్ స్టీరింగుది. పచ్చని లేక గులాబీ రంగు నీరు రేడియేటరు కూలెంటు. గోధుమ, నలుపు రంగుల్లో వ్రేళ్ళకు జారుడుగా తగిలేది ఇంజన్ ఆయిల్. ఒక చుక్క సుమారు మిల్లీలీటరులో ఇరవైయవ వంతు. అనగా లీటరు పోవడానికి 20,000 చుక్కలు రాలాలి. నష్టమెంతో చెప్పేది డిప్‌స్టిక్కే. సమతలంపై, ఇంజన్ చల్లారిన తరువాత వారానికొకసారి చూడాలి.

ఇంజన్ అతుకుల నడుమ గ్యాస్కెట్లు, తిరిగే ఇరుసుల చుట్టూ ఆయిల్ సీళ్ళు ఉంటాయి. పాత కార్లలో వీటిలో అనేకం నైట్రైల్ రబ్బరువి. బ్యూటాడయీన్, ఆక్రిలోనైట్రైల్ అణువులను గొలుసుగా కూర్చి 1930 ప్రాంతంలో జర్మన్ రసాయనజ్ఞులు దీనిని రూపొందించారు. నైట్రైల్ సమూహాలకు ధ్రువత్వం ఉండడం వలన నూనె దీనిలోకి సులభంగా చొరబడదు. కాని బ్యూటాడయీన్ భాగంలో మిగిలిన ద్విబంధాలు వేడిలో ఆక్సిజన్‌తో చర్య జరిపి, ప్రక్కప్రక్క గొలుసులను ముడివేస్తాయి. మెత్తదనాన్నిచ్చే ప్లాస్టిసైజర్లు క్రమంగా నూనెలో కరిగిపోతాయి. రబ్బరు గట్టిపడి, కుంచించుకొని, పగులుతుంది. మన వంటింట ప్రెషర్ కుక్కరు రింగు బిరుసెక్కి ఆవిరి వదలడమూ ఇదే కథ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి చర్యల వేగం దాదాపు రెట్టింపని మా రసాయనజ్ఞుల స్థూలమైన లెక్క. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయిన దేశంలో, బానెట్ క్రింద ఆ రబ్బరు పడే పాట్లు ఊహించుకోవచ్చును. 1957లో డ్యూపాంట్ సంస్థ ప్రవేశపెట్టిన వైటాన్ వంటి ఫ్లోరో రబ్బరు 200 డిగ్రీల వరకు తాళుతుంది. సీలు మార్చేటపుడు ఆ రకం దొరికితే ఖరీదు ఎక్కువైనా కొనడమే మేలు.

కుక్కరు పోలిక ఇంకొకచోట కూడా పనికివస్తుంది. పప్పు నురుగుతో వెంటు మూసుకుంటే ఆవిరి రింగు ప్రక్కనుండి తన్నుకువస్తుంది. ఇంజన్‌లోనూ పిస్టన్ల ప్రక్కనుండి జారే వాయువులు పోవడానికి పి.సి.వి. వాల్వు అను చిన్న మార్గముంది. అది మడ్డితో పూడుకుంటే పీడనం పెరిగి, మంచి సీలుగుండా కూడా నూనె బయటపడుతుంది. ఆ చవకయిన వాల్వును చూడక గ్యాస్కెట్లు మార్చడం వృథా ఖర్చు.

నా పాత కారుకు వెనుక మెయిన్ సీలు పోయిందనీ, గేరుబాక్సు దింపాలనీ ఒక గ్యారేజీలో చెప్పారు. సీలు ఖరీదు స్వల్పమే, దింపే కూలియే భారం. ఒక శుక్రవారం ఇంజన్‌ను డిగ్రీజరుతో శుభ్రపరచి, ఆరిన తరువాత టాల్కం పౌడరు చల్లి, కొద్ది దూరం నడిపి చూశాను. తెల్లని పొడిపై నల్లని గీత వాల్వు కవరు వెనుక అంచునుండి దిగివచ్చింది! నూనె పల్లానికి జారుతుంది, గాలి దానిని వెనుకకు నెడుతుంది. చుక్క రాలిన చోటే కారిన చోటని నమ్మరాదు. షువైఖ్ పారిశ్రామిక వాడలో కొన్న గ్యాస్కెట్‌తో పని తీరింది.

ఆ పని ఓపికగలవారు స్వయంగా చేసుకోవచ్చును. పాత గ్యాస్కెట్ అవశేషాలు గీకి, రెండు తలాలనూ జిడ్డు లేకుండా తుడవాలి. బోల్టులను మధ్యనుండి అంచులకు, కొద్దికొద్దిగా, మాన్యువల్ చెప్పిన మేరకే బిగించాలి. అతిగా బిగిస్తే గ్యాస్కెట్ నలిగి మరింత కారుతుంది. మూలల్లో పూసే సిలికోన్ సీలెంటు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మన పొడి వేసవిలో అది ఆలస్యమవుతుంది గనుక రాత్రంతా వదలివేయాలి. వెనిగర్ వాసన వేసే రకం ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఇంజన్లకని ప్రత్యేకించినదే వాడాలి. అడుగున ఆయిల్ పాన్ పని అయితే, జాకీపై మాత్రమే నిలిపిన కారు క్రింద ఎంతమాత్రం దూరరాదు.

సీసాలలో అమ్మే ‘స్టాప్ లీక్’ ద్రవాలలో రబ్బరును ఉబ్బించే పదార్థాలుంటాయి. బిరుసెక్కిన సీలు వాటితో కొంత మెత్తబడవచ్చు, పగిలినది అతకదు.

నూనె ఎగ్జాస్ట్ గొట్టంపై పడి కాలిన వాసన వస్తే మాత్రం జాప్యం పనికిరాదు, అది నిప్పంటుకునే స్థితి. ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగితే వెంటనే ప్రక్కకు తీసి ఇంజన్ ఆపాలి. పిల్లలతో సాల్మీ రోడ్డుపై ఉన్నా, ఇల్లు రెండు వీధుల దూరంలోనే ఉన్నా, అక్కడినుండి బండిని లాగించుకుపోవలసిందే.