చదువు ముందా, ఓటు ముందా? - డుబాయిస్ ఆలోచనలు

మీరు ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు పోలింగు అధికారి మీ చేత ఏదైనా చదివించి చూశారా? లేదు కదా! సంతకం రానివారు వేలిముద్ర వేసి ఓటు వేయవచ్చు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో చాలాకాలం ఇలా ఉండేది కాదు.

అక్కడ 1865లో బానిసత్వం రద్దయింది. జాతినిబట్టి, రంగునుబట్టి ఓటు నిరాకరించరాదని 1870లో రాజ్యాంగ సవరణ జరిగింది. (స్త్రీలకు అప్పటికింకా ఓటు లేదు.) దీన్ని తప్పించుకోవడానికి పాలకులు ఒక ఉపాయం పన్నారు. ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి అని 1890లో మిసిసిపీ రాష్ట్రం నియమం పెట్టింది. సరిగా చెప్పారో లేదో తేల్చేది నమోదు అధికారి. ఆయన తెల్లజాతివాడు. ఇక ఫలితం ఊహించగలరు. ఇటువంటి నియమాలే తెచ్చిన లూసియానాలో 1896లో 1,30,000కు పైగా ఉన్న నల్లజాతి ఓటర్లు 1900 నాటికి 5,000 పైచిలుకు మాత్రమే మిగిలారు. ఆ మిసిసిపీ నియమంలో రంగు ప్రస్తావనే లేదు, గమనించండి.

ఈ అన్యాయాన్ని జీవితమంతా ప్రశ్నించిన నల్లజాతి తత్త్వవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ (1868-1963). హార్వర్డ్‌లో డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడాయన. విద్యార్థిగా ఉన్న రోజుల్లో వేసవి సెలవులలో టెనెసీ పల్లెలో బడి చెప్పాడు. ఆ బడి ఒకప్పుడు మొక్కజొన్న దాచిన దుంగల కొట్టు. దానికి తలుపు లేదు. పంతులు కూర్చునే కుర్చీ కూడా ఇంటావిడ దగ్గర అరువు తెచ్చినదే. రోజూ సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. చదువు రాకపోవడం ఎవరి తప్పో ఆయన అక్కడే కళ్ళారా చూశాడు.

"వాళ్ళను ముందు చదువుకోనివ్వండి, ఓటు సంగతి తర్వాత చూద్దాం" అని ఆనాడు చాలామంది పెద్దలు అనేవారు. 1920లో వెలువడిన 'డార్క్‌వాటర్' గ్రంథంలో డుబాయిస్ ఈ వాదాన్ని తలకిందులు చేశాడు. ఒక మనిషి బాధ ఆ మనిషికే పూర్తిగా తెలుస్తుంది. ఊరి బావి ఎంత దూరమో నీళ్ళు మోసే స్త్రీకి తెలిసినంతగా కాగితాలు చూసే అధికారికి తెలియదు. ఆమె మాట వినని ప్రభుత్వం ఆమెకు అన్యాయం చేయడమే కాదు, తానే కొంత జ్ఞానాన్ని పోగొట్టుకుంటుంది. పైగా, ఓటున్న చోటికే బడి వస్తుందన్నాడాయన. 1935 నాటి మరో గ్రంథంలో దీనికి చరిత్ర నుంచి రుజువు చూపాడు. బానిసత్వం పోయాక నల్లజాతివారు ఓటు వేసి ఎన్నుకున్న శాసనసభలే దక్షిణాదిన ఉచిత ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థకు పునాది వేశాయి. పేద తెల్లవారి పిల్లలు కూడా వాటిలో చదువుకున్నారు.

ఆయన మొదటి నుంచీ ఇలా ఆలోచించలేదు. 1903లో, బాగా చదివిన నూటికి పదిమంది మిగతావారికి దారి చూపుతారని నమ్మాడు. అభిప్రాయం మార్చుకోవడానికి వెనకాడకపోవడం ఆయనలో నాకు నచ్చే గుణం.

మన దేశంలోనూ ఇదే చర్చ జరిగింది. సైమన్ కమిషన్ కాలంలో (1928-29) డా. అంబేద్కర్ వయోజనులందరికీ ఓటు కావాలని కోరారు. 1946లో ఆయన డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతిని అడిగారు. అస్పృశ్యులు కూడా అటువంటి అర్జీ పెట్టాలనుకుంటున్నారని తెలిపారు. డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చాడు. 1951 లెక్కల ప్రకారం మనలో నూటికి సుమారు 18 మందే అక్షరాస్యులు. అయినా మొదటి సాధారణ ఎన్నికలలో (1951-52) ఓటర్లు గుర్తులు చూసి ఓటు వేశారు.

దక్షిణ అమెరికా రాష్ట్రాలలో కాదు, అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాలలో (ఈ రెంటినీ కలిపి పొరబడకండి) చదువు పరీక్షలను నిలిపివేసిన చట్టం 1965లో వచ్చింది. డుబాయిస్ అంతకు రెండేళ్ళ ముందే ఘనా దేశంలోని అక్రాలో మరణించాడు.

ప్రశ్న: మిసిసిపీ నియమంలో రంగు ప్రస్తావన లేకపోయినా అది నల్లజాతివారినే ఎలా దూరం చేసింది? మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.