మొహం చూసి ధర చెప్పవచ్చునా?

విశాఖపట్నంలో, గాజువాక ఆటోనగర్ పరిసరాల్లోను, పాతపట్టణంలోను పాత వాహనాల విడిభాగాల వర్తకం మీద ఆధారపడి బ్రతికే ముస్లిం కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లల్లో కొందరు మా వద్ద ఖుర్ఆన్ చదువుకున్నవారే. పెద్దవారై దుకాణంలో కూర్చున్న తరువాత వారు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "మౌలానా సాబ్, అరుదైన సామానుకు ధర వ్రాసి పెట్టకపోతే పాపమా?"

పాపం కాదని ఒక్క మాటలో చెప్పి పంపివేయవచ్చు. అది నిజం కూడా. అయితే ధర వ్రాయకపోవడం వేరు, ధరను దాచడం వేరు. ఈ రెండింటి మధ్యనున్న సన్నని గీత మీదనే ఒక ఇంటి సంపాదన హలాల్‌గా నిలవడమో, కలుషితం కావడమో ఆధారపడి ఉన్నది. అందుచేత విషయాన్ని కొంచెం విడమరచి వ్రాయదలచాము.

ముందుగా ఈ వర్తకం ఎటువంటిదో చూడాలి. బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో 1957లో మొదలైన అంబాసిడర్ కారు, 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారంలో పని నిలిచిపోయేదాకా తయారయింది. ఫియట్ 1100 నుండి పుట్టిన ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్ళకు పైగా ముందే ఆగిపోయింది. ముంబయి వీధుల్లో మిగిలిన పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి. తయారీ ఆగిన బండికి కొత్త సామాను రాదు. అందులోనూ 1962కు ముందునాటి మార్క్ 1 అంబాసిడర్ భాగాలు దొరకడం గగనం. మన నగరంలో మరొక చిక్కు, సముద్రపు ఉప్పుగాలి. అది రేకును తినివేస్తుంది. తుప్పు పట్టని బానెట్టు, క్రోమియం పూత చెడని బంపరు ఇక్కడ కంటబడితే వర్తకుని కళ్ళు మెరవడం సహజమే. పైగా 50 ఏళ్ళు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్‌కు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులకు గురికాకుండా ఉండాలన్నది అందులోని షరతు. అసలు భాగమే కావాలని వెదికేవారికి ఇది మరొక కారణం. ఏనుగు బ్రతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్న సామెత ఈ బండ్లకు సరిగ్గా అతుకుతుంది.

ధర వ్రాయకపోవడానికి దుకాణదారులు చెప్పే కారణాలు వినదగినవే. కొత్త సామాను పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలని చట్టం ఉన్నది. వాడిన సామానుకు అటువంటి అచ్చు లేదు. ఒకే రకం హెడ్ లైట్లు రెండు దొరికితే ఒకదాని అద్దం మెరుస్తూ ఉంటుంది, రెండవదానికి గాటు ఉంటుంది. ఏడాదికి ఒక్కడు వచ్చి అడిగే వస్తువును పదేళ్ళపాటు అటక మీద కాపాడిన శ్రమను ఏ అంకెలో చూపాలి? బోర్డు మీద ధర వేయగానే ప్రక్క దుకాణంవాడు అందులో వంద తగ్గించి చెబుతాడు.

షరీఅత్ ఈ ఇబ్బందులను త్రోసిపుచ్చలేదు. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని నిసా సూరా 29వ ఆయతు ధర్మసమ్మతం చేసింది. అమ్మేవాడు, కొనేవాడు బేరమాడి ఒక ధరకు రావడాన్ని ఫిఖహ్ గ్రంథాలు 'ముసావమా' అంటాయి. అందులో దోషం లేదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు, ధరలు నిర్ణయించమని సహాబాలు కోరగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) అంగీకరించలేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. లాభానికి కూడా ఒక హద్దు గీయబడలేదు. ఒక మేకను కొనుమని దైవప్రవక్త (స) ఇచ్చిన దీనారుతో హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) రెండు మేకలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, మేకతో పాటు దీనారును కూడా తెచ్చి ఇచ్చారు. ఆయన వర్తకంలో బర్కత్ కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేశారని బుఖారీలో ఉన్నది. కనుక అరుదైన వస్తువుకు మంచి లాభం తీసుకునేవానిని దోపిడీదారు అనడానికి మేము ఒప్పుకోము.

అయితే బోర్డు లేకపోయినా ఒప్పందం కుదిరే వేళకు ధర తేలి ఉండాలి. మన గ్యారేజీలలో జరిగేది దీనికి విరుద్ధం. "ముందు బిగించేద్దాం భాయ్, మనవాళ్ళమే కదా, డబ్బు తరువాత చూసుకుందాం" అంటారు. బిగించిన తరువాత చెప్పిన అంకె విని కొన్నవాడు నోరెళ్ళబెడతాడు. విప్పమనలేడు, కాదనలేడు. ధర తెలియని అమ్మకాన్ని ఫుఖహాలు 'ఫాసిద్' అన్నారు. స్నేహం పేరుతో జరిగే ఈ తప్పు, ధర బోర్డు లేకపోవడం కంటే చాలా పెద్దది. దాని గురించి మాత్రం మమ్మల్ని ఎవరూ అడగరు!

ఇక ధర దాచడం సంగతి. ఫోన్‌లో ఫోటో పంపి "ధరకు ఫోన్ చేయండి" అని వ్రాస్తారు. ఫోన్ చేసినవాని మాట తీరును బట్టి, ఊరిని బట్టి, ఆత్రుతను బట్టి అంకె మారుతుంది. మెకానిక్‌కు ఒక ధర, సెలవుకు వచ్చిన దుబాయి ఉద్యోగికి మరొక ధర. మొహం చూసి బొట్టు పెట్టడం అంటే ఇదే. అవతలివాని అజ్ఞానానికి వెల కట్టే ఈ అమ్మకాన్ని ఫుఖహాలు 'గబ్న్' అనే అధ్యాయంలో చర్చించారు. హనఫీ ఫిఖహ్ ఆధారంగా ఉస్మానియా ప్రభుత్వం 1869-76 మధ్య కూర్పు చేయించిన 'మజల్లా' 165వ సూత్రం, సరుకులలో ఇరవయ్యో వంతు, జంతువులలో పదో వంతు, స్థిరాస్తిలో అయిదో వంతు తేడాను 'గబ్నె ఫాహిష్', అనగా దారుణమైన నష్టం అన్నది. ఆ లెక్కన 20,000 రూపాయల భాగానికి 1,000 రూపాయల తేడా చాలు. బజారు ధర స్థిరపడని వస్తువుకు ఈ కొలత బిగుతుగా ఉంటుందని మేమెరుగుదుము. దానికి హనఫీ పండితులు చెప్పిన మూల సూత్రమే సరిపోతుంది: ధర కట్టగల అనుభవజ్ఞుల అంచనాలలో ఎక్కడా ఇమడని ధరే దారుణమైనది. ముగ్గురు పాత మెకానిక్‌లు ఒక గ్రిల్లుకు 8,000, 10,000, 12,000 అన్నారనుకోండి. 11,000కు అమ్మినవానిని తప్పు పట్టలేము. 25,000కు అమ్మినవాడు ఏమి జవాబు చెబుతాడు?

కొన్నవాడు ఒప్పుకున్నాడు కదా అంటాడు. ఈ జవాబు చాలా పాతది. బస్రా నగరంలో యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) అనే తాబయీ వస్త్రాలు అమ్మేవారు. ఆయన దుకాణంలో 400 దిర్హముల దుస్తులు, 200 దిర్హముల దుస్తులు ఉండేవి. తమ్ముని కుమారుణ్ణి కూర్చోబెట్టి నమాజుకు వెళ్ళగా, ఒక పల్లెవాసి వచ్చి 200 దుస్తును 400కు కొనుక్కొని సంతోషంగా వెళుతున్నాడు. దారిలో ఆ దుస్తును గుర్తుపట్టిన యూనుస్ అతణ్ణి ఆపారు. తమ ఊరిలో అది 500 పలుకుతుందని, తనకు ఇష్టమేనని అతడు చెప్పినా వినక, వెనుకకు తీసుకువచ్చి 200 దిర్హములు తిరిగి ఇచ్చారు. అతడు ఒప్పుకొనే కొన్నాడని కుర్రవాడు వాదిస్తే, నీ కోసం కోరుకునేదాన్ని అతని కోసం ఎందుకు కోరుకోలేదని మందలించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో నమోదు చేసిన ఉదంతమిది.

చట్టం దృష్టిలో యూనుస్ ఆ పని చేసి తీరవలసిన అవసరం లేదు. మోసం లేకుండా ధర మాత్రమే ఎక్కువైతే అమ్మకం రద్దు కాదని మజల్లా 356వ సూత్రం చెబుతున్నది. కాని మోసపు మాట కలిస్తే రద్దు చేసుకునే హక్కు కొన్నవానికి వస్తుంది. "దేశం మొత్తం మీద ఇదొక్కటే మిగిలింది" అని అటక మీద మరో రెండు పెట్టుకొని చెప్పేవారు, డూప్లికేట్ జాలీని ఒరిజినల్ అని చూపేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మా అభిప్రాయం ఇది. ప్రతి మేకుకు చీటీ అతికించనవసరం లేదు. వస్తువు దుకాణంలోకి వచ్చిన రోజునే, కొనేవాని మొహం కనబడకముందే, ధరను ఖాతా పుస్తకంలో వ్రాసుకోవాలి. అడిగిన వానికి అదే చెప్పాలి. పేదవానికి, పాత ఖాతాదారుకు తగ్గించడం ఔదార్యం. తెలియనివానికి పెంచడమే అభ్యంతరకరం. ఒరిజినల్, డూప్లికేట్, అతుకు పెట్టినది అన్న సంగతి మాత్రం చీటీ మీద తప్పనిసరిగా ఉండాలి. నిజంగా ధర కట్టలేని వస్తువైతే బహిరంగ వేలం వేయవచ్చు. ఒక అన్సారీ సహాబీ దుప్పటిని, పాత్రను దైవప్రవక్త (స) వేలంలోనే అమ్మారు. తమ మనిషినే నిలబెట్టి పాట పెంచడం మాత్రం 'నజష్', అది నిషిద్ధం.

ధర బయటపెట్టకపోవడానికి వర్తకులు పైకి చెప్పని కారణం ఇంకొకటున్నది. అమ్మే ధర ఊరంతటికీ తెలిస్తే, కొనే ధర పెంచవలసి వస్తుంది. ఇది మన పాఠకుల ఇళ్ళకు నేరుగా తగిలే సంగతి. ఇంటి పెద్ద చనిపోతాడు. ఆయన పాత కారు వాకిట్లో నిలిచి ఉంటుంది. తుక్కు కొనేవాడు వచ్చి కిలోల లెక్కన అడుగుతాడు. పట్టణంలోకి రాకముందే దారిలో ఎదురేగి, బజారు ధర తెలియని వర్తక బృందాల సరుకు కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు చేరిన తరువాత ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చునని ముస్లిం గ్రంథంలో ఉన్నది. వాకిట్లో జరిగే ఈ కొనుగోలు అచ్చంగా అదే కాకపోయినా కారణం ఒక్కటే. మూడు వందల దిర్హములకు దొరికిన గుర్రానికి, అది అంతకంటే విలువైనదని తానే పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు చెల్లించిన హజ్రత్ జరీర్ (రజి) కూడా కొనుగోలుదారే.

లెక్క వేసి చూద్దాం. సుమారు 1,100 కిలోల అంబాసిడర్, కిలో 30 రూపాయలు అనుకుంటే 33,000. విడిభాగాలుగా అమ్మితే 96,000 వచ్చిందనుకుందాం. అప్పులు, వసీయత్ తీరిన తరువాత భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే వారసులైతే, తుక్కు లెక్కన భార్యకు 4,125, కుమార్తెకు 5,775. రెండవ లెక్కన భార్యకు 12,000, కుమార్తెకు 16,800. ఆ కుమార్తె మైనరు అయితే మామూలు సూత్రం మారిపోతుంది. మోసం లేకపోయినా, దారుణమైన తక్కువ ధరకు జరిగిన అనాథ ఆస్తి అమ్మకం చెల్లదని అదే 356వ సూత్రం మినహాయించింది. తల్లి సంతకం చేసినా, పెదనాన్న పెద్దమనిషిగా నిలిచినా అంతే. కనుక బండి వాకిలి దాటకముందే, కొనేవానితో సంబంధం లేని ముగ్గురిచేత ధర కట్టించి, ఆ కాగితాన్ని ఆడపిల్లలతో సహా వారసులందరికీ చూపాలి. విప్పి అమ్మిన పక్షంలో రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఆ రసీదును కూడా అదే కాగితంతో కలిపి భద్రపరచాలి.