తీరిన అప్పు, మాఫీ అయిన అప్పు

నెహెమ్యా గ్రంథం ఐదవ అధ్యాయం తెరవగానే మనకు ఒక పెద్ద రోదన వినిపిస్తుంది. యెరూషలేము గోడ కడుతున్న రోజులవి. కరువులో ధాన్యం కోసం కొందరు పొలాలను, ద్రాక్షతోటలను, చివరికి తాము కాపురముంటున్న ఇళ్లను సైతం కుదువపెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి మరికొందరు అప్పు చేశారు. తీర్చలేక కన్నబిడ్డలను దాస్యానికి అప్పగించినవారూ ఉన్నారు. అప్పిచ్చినవారు పరాయివాళ్లేమీ కాదు, స్వజనులే. బైబిలులో 'కుదువ' అని చదువుకునే దాన్నే మనం తనఖా అంటున్నాం, తాకట్టు అంటున్నాం. నెహెమ్యా ఆ పొలాలను, ఇళ్లను తిరిగి ఇప్పించాడు. పుచ్చుకున్న నూరవ భాగాన్ని కూడా వెనక్కి ఇమ్మన్నాడు. నూరవ భాగమంటే నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ అని వ్యాఖ్యానకర్తలు చాలామంది చెబుతారు. మన లెక్కలో రూపాయి వడ్డీ. ఈ రోజుల్లో మన పల్లెల్లో ఎవరైనా రూపాయి వడ్డీకి ఇస్తే ఆయన్ని ధర్మాత్ముడంటాం!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తాటాకిల్లు పెంకుటిల్లయింది, పెంకుటిల్లు డాబా అయింది. దానితోపాటు ఆదివారం ఆరాధన తర్వాత మా దగ్గరకు వచ్చే మనవులూ మారాయి. "అయ్యగారండీ, ఇంటి లోనుకి పెట్టామండి. సిబిల్ బాగోలేదని వెనక్కి పంపేశారండి. ప్రార్థన చేయండి." ప్రార్థన చేస్తాం. చేశాక, "పాత బాకీ ఏమైనా ఉందా అమ్మా?" అని అడుగుతాం. "లేదండి, అదెప్పుడో మాఫీ అయిపోయిందండి" అనే జవాబే ఎక్కువ. చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

సిబిల్ అన్నది 2000లో ఏర్పడిన సంస్థ. మనం ఎక్కడ ఎంత అప్పు తీసుకున్నాం, ఏ నెల కట్టాం, ఏ నెల తప్పాం అన్న వివరాలను బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు దానికి పంపుతాయి. ఇలాంటి సంస్థలు మన దేశంలో నాలుగున్నాయి. 2005లో చేసిన చట్టం వీటికి ఆధారం. ఆ వివరాలనుబట్టి 300 నుంచి 900 వరకు ఒక అంకె వేస్తారు. 750 దగ్గర, ఆ పైన ఉంటే సాధారణంగా లోను సులువు. మేనేజరు గారు మనకు ఎంత తెలిసినవారైనా ఆ అంకెను ఆయన మార్చలేరు. ఒకసారి నమోదైన వివరాలను కనీసం ఏడేళ్లు భద్రపరచాలని నిబంధన.

మన ప్రాంతంలో ఈ మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే అందరినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదని తెలుస్తుంది. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్ల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత రాష్ట్రమంతటా వారవారపు వాయిదాలు ఆగిపోయాయి. "ఇక కట్టక్కర్లేదు" అన్న మాట వీధివీధికీ పాకింది. వసూలు ఆగింది గాని పుస్తకంలో పేరు కొట్టివేయలేదు. పైగా ఆ తర్వాతి ఏళ్లలో మైక్రోఫైనాన్సు అప్పుల వివరాలు కూడా క్రెడిట్ సంస్థలకు చేరడం మొదలైంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదని, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని వారి గోడు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. చేను బీడుపడినా కౌలురైతు ఇంటి ఖర్చు, కూలివాడి ఇంటి ఖర్చు మాత్రం ఆగవు కదా. 2014 ఎన్నికల ముందు పంట రుణాల మాఫీ హామీ రాగానే చాలామంది కట్టడం మానేశారు. మాఫీ విడతలవారీగా వచ్చేలోపు వడ్డీ పెరిగి, ఖాతాలు మొండిబాకీలయ్యాయి. ఇక గల్ఫు వీసా కోసం తెచ్చిన అప్పుల సంగతి రాజోలు వైపు ఏ ఇంట అడిగినా చెబుతారు.

మాఫీ వచ్చిందని సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పినవారిని మేము ఎరుగుదుము. వారి సంతోషాన్ని తప్పుపట్టం. అయితే బ్యాంకు భాషలో మూడు మాటలున్నాయి, ఆ తేడా తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే. మొత్తం కట్టేస్తే ఖాతా 'క్లోజ్డ్'. లక్ష బాకీకి 60 వేలు కట్టించుకుని రాజీపడితే అది 'సెటిల్డ్'. రాదని తేల్చుకుని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేస్తే అది 'రైటాఫ్'. ఈ మూడోదాన్ని మాఫీ అనుకునేవారు ఎందరో! రైటాఫ్ చేసినంత మాత్రాన అప్పు పోదు, అడిగే హక్కు బ్యాంకుకు ఉంటూనే ఉంటుంది. రాజీలో వదిలిన 40 వేలను బ్యాంకు మరచిపోయిందనుకుంటాం గాని, రేపు ఇంటి లోను ఇవ్వబోయే మరో బ్యాంకు 'సెటిల్డ్' అన్న మాట చూడగానే, వీరు ఒకరికి పూర్తిగా కట్టలేదు అని చదువుకుంటుంది.

రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలోని విధవరాలిని ఇక్కడ తలుచుకోవాలి. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అప్పు ఉంచి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. అప్పున్న ఇంటివారిని భక్తి లేనివారుగా చూసే మన సంఘాలు ఈ మాట దగ్గర కాసేపు ఆగితే మంచిది. ఎలీషా ఆమెను ఎందుకు అప్పు చేశారని నిలదీయలేదు. నీ ఇంట్లో ఏముందో చెప్పు అన్నాడు. కుండలో ఉన్న కొంచెం నూనె విస్తరించింది. ఆ తర్వాతి మాటనే మేము ఎన్నో ప్రసంగాల్లో దాటవేయడం విన్నాం. నూనె అమ్మి, ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి అన్నాడు ప్రవక్త. ఆ అద్భుతం అప్పుపత్రాన్ని చింపలేదు. తీర్చే దారి చూపింది. అప్పులవాడి ముందు ఆమె తలెత్తుకుని నిలబడేలా చేసింది.

కాబట్టి పాత బాకీ ఉన్నవారు మొదట చేయవలసింది ఇంట్లో ఏముందో చూసుకోవడమే. ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. మన నివేదిక మనమే చూసుకుంటే అంకె తగ్గదు. అదే పదిచోట్ల లోనుకి దరఖాస్తు పెడితే ప్రతిదీ నమోదై తగ్గుతుంది. ఒక బ్యాంకు కాదనగానే మర్నాడే మరో బ్యాంకు మెట్లెక్కేవారు ఇది గమనించాలి. నివేదికలో మనది కాని అప్పు కనబడవచ్చు, తీర్చేసిన అప్పు ఇంకా బాకీగానే ఉండవచ్చు. అప్పుడు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు 2024 నుంచి అమలవుతోంది.

బాకీ నిజమైతే ఆ బ్యాంకుకే వెళ్లాలి. సిగ్గుతో ముఖం చాటేసినన్నాళ్లూ వడ్డీ పెరుగుతుంది. రాజీపడిన ఖాతా అయితే మిగిలిన మొత్తం కట్టి, 'క్లోజ్డ్'గా మార్చమని రాతపూర్వకంగా అడగవచ్చు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తప్పక తీసుకోవాలి. అక్కడి నుంచి కొంతకాలం ఓపిక పట్టాలి. చిన్న బంగారపు లోను అయినా సరే, గడువు తప్పకుండా ఒకటి రెండేళ్లు కట్టిన ఆనవాళ్లుంటే అవే మన తరఫున మాట్లాడతాయి. "సిబిల్ క్లీన్ చేయిస్తాం" అంటూ తిరిగే ఏజెంట్లున్నారు. తప్పును సరిచేయించడం మనమే పైసా ఖర్చు లేకుండా చేయగలం. నిజాన్ని చెరిపేయడం వారి తరం కాదు. వారి చేతిలో వేలు పోసే బదులు ఆ సొమ్ము పాత బాకీకే కట్టవచ్చు.

ఓపిక లేక చాలామంది నోటు మీద అప్పు తెచ్చి ఇల్లు మొదలుపెడుతున్నారు. లెక్క వేద్దాం. పది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 20 వేలు, ఇరవై ఏళ్లు కట్టినా అసలు అసలుగానే ఉంటుంది. అదే పది లక్షలు 9 శాతానికి ఇరవై ఏళ్ల గడువుతో బ్యాంకులో తీసుకుంటే నెలకు సుమారు 9 వేలు, చివరికి అసలు కూడా తీరుతుంది. పాత మచ్చవల్ల బ్యాంకు కాదని, హౌసింగ్ ఫైనాన్సు కంపెనీ 11 శాతానికి ఇచ్చిందనుకున్నా వాయిదా సుమారు 10,300. ఆ తేడా ఇరవై ఏళ్లలో మూడు లక్షలు దాటుతుంది. నోటు అప్పుతో పోలిస్తే అదీ నయమే.

అంకె బాగున్నా లోను రాని ఇళ్లున్నాయి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పంచాయతీ ప్లాను అడుగుతారు. తాతల నాటి నుంచి గ్రామకంఠంలో ఉంటున్నవారికి ఇవి ఉండవు. ఇలాంటి ఇళ్లకు ఆస్తి పత్రాలివ్వడానికి కేంద్రం 2020లో స్వామిత్వ పథకం పెట్టింది. మీ ఊళ్లో ఆ పని ఎంతవరకు వచ్చిందో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. అందరూ ఇంటి లోను తీసుకోవాలని మేము అనడం లేదు. నెల జీతం లేని ఇంట్లో, కొబ్బరి ధర మీద, గల్ఫు నుంచి వచ్చే సొమ్ము మీద ఆధారపడి సంపాదనలో సగానికి మించిన వాయిదా పెట్టుకోవడం ప్రమాదం. 2002 నాటి సర్‌ఫేసీ చట్టం ప్రకారం వాయిదాలు 90 రోజులకు మించి ఆగి ఖాతా మొండిబాకీ అయితే, 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే తనఖా ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. అలాగే తోటి విశ్వాసి అడిగాడని హామీ సంతకం పెట్టేవారు సామెతల గ్రంథం హామీని గురించి ఎన్నిసార్లు హెచ్చరించిందో ఒకసారి చూసుకోవాలి. అతడు కట్టకపోతే మచ్చ మన నివేదికలోనూ పడుతుంది. భర్త లోనుకి భార్య చేత చదవకుండా సంతకం పెట్టించడం మన ఇళ్లలో మామూలైపోయింది. అది మానాలి.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక చక్కని కట్టడ ఉంది. అప్పిచ్చినవాడు కుదువ తీసుకోవడానికి పొరుగువాని ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని తెచ్చి ఇస్తాడు. బాకీపడ్డవాడి గడపకు కూడా మర్యాద ఉంది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. రికవరీ మనుషులు వీధిలో నిలబడి కేకలు వేస్తే భయపడి మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తకండి. ముందు ఆ బ్యాంకుకు, అక్కడ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రాయడం రానివారికి సంఘంలోని చదువుకున్న యువతీయువకులు ఆ కాగితం రాసిపెట్టాలి. నివేదిక తీసి చూపడం కూడా వారికి పావుగంట పని.

ఇంటి లోను పూర్తిగా తీరిన రోజున పాత అలవాటుగా రసీదుతో సరిపెట్టుకోవద్దు. 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తన తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు నుంచి నియమం పెట్టింది. దస్తావేజులు చేతికొచ్చాక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కొత్త ఈసీ తీయించి, తనఖా రద్దయినట్టు అందులో నమోదైందో లేదో చూసుకోండి.