మౌస్ లేదు, ఫైల్స్ లేవు, యాప్స్ లేవు: కానన్ క్యాట్ కథ

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఒక పాత కంప్యూటర్ గురించి. పేరు కానన్ క్యాట్. 1987లో వచ్చింది, ధర 1,495 డాలర్లు. మీ చేతిలో ఉన్న ఫోన్‌తో దీనికి సంబంధం ఏంటో చివర్లో చెప్తాను.

ముందు దీన్ని తయారుచేసిన మనిషి గురించి. ఆయన జెఫ్ రాస్కిన్. 1979లో ఆపిల్‌లో మెకింటాష్ ప్రాజెక్టు మొదలుపెట్టింది ఈయనే. తర్వాత అది స్టీవ్ జాబ్స్ చేతికి వెళ్లింది. 1982లో రాస్కిన్ ఆపిల్ వదిలేసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. తను కలలుగన్న మెషిన్‌ని కానన్ ద్వారా మార్కెట్‌లోకి తెచ్చారు.

ఇప్పుడు మెషిన్ చూద్దాం. 9 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ స్క్రీన్. కీబోర్డ్ దానికే అతుక్కుని ఉంటుంది. మౌస్ లేదు, ఐకాన్లు లేవు. ఫైల్‌కి పేరు పెట్టే పని కూడా లేదు. మీరు రాసేదంతా ఒక పొడవాటి కాగితపు చుట్టలాగా ఒకేచోట ఉంటుంది. ఉత్తరం, దాని కింద ఖర్చుల లెక్క, ఆ కింద ఫోన్ నంబర్లు, అన్నీ వరసగా.

మరి కావాల్సింది ఎలా దొరుకుతుంది? అసలు మజా ఇక్కడే ఉంది. స్పేస్ బార్ కింద గులాబీ రంగులో రెండు కీలు ఉంటాయి. వాటి పేరు లీప్, అంటే దూకడం. కుడి కీ నొక్కిపట్టి, మీకు కావాల్సిన మాటలో రెండు మూడు అక్షరాలు కొట్టండి. కర్సర్ ముందుకు దూకి అక్కడ వాలుతుంది. ఎడమ కీ అయితే వెనక్కి. లెక్క చేయాలా? రాస్తున్న చోటే అంకెలు వేసి, సెలెక్ట్ చేసి కమాండ్ ఇస్తే జవాబు అక్కడే వస్తుంది. వేరే ప్రోగ్రామ్ తెరవక్కర్లేదు. పని ఫ్లాపీలో సేవ్ చేసి ఆపేస్తే, మళ్లీ ఆన్ చేసినప్పుడు వదిలిన చోటే తెరుచుకుంటుంది.

ఇంత బాగుంటే ఎందుకు ఆడలేదు? దాదాపు 20,000 అమ్ముడయ్యాక, కొద్ది నెలలకే కానన్ దీన్ని ఆపేసింది. కారణాలు చాలా చెప్తారు. నాకు అనిపించేది ఒకటే: షాపులో చూసేవాళ్లకి ఇది టైప్‌రైటర్‌లా కనబడింది. మౌస్‌తో బొమ్మలు కదిలించే మెకింటాష్ అప్పటికే వచ్చేసింది. లీప్ గొప్పతనం చూస్తే తెలిసేది కాదు, నాలుగు రోజులు వాడితే తెలిసేది.

ఇప్పుడు మన ఫోన్ సంగతి. రాస్కిన్ కొడుకు ఏజా రాస్కిన్ కూడా డిజైనరే. మీరు రీల్స్ చూస్తూ వేలితో పైకి తోస్తూనే ఉంటారు కదా, అంతం లేకుండా? ఆ ఇన్ఫినిట్ స్క్రోల్‌ని 2006లో తయారుచేసింది ఆయనే. తర్వాత దాని వల్ల జనం ఎంత టైమ్ పోగొట్టుకుంటున్నారో చూసి బాధపడుతున్నానని బహిరంగంగానే చెప్పారు.

గమనించారా? రెండూ పొడవాటి చుట్టలే. తండ్రి చేసిన చుట్టలో ఉన్నదంతా మీరు రాసుకున్నదే. ఎక్కడికి దూకాలో కూడా మీరే చెప్తారు. ఫీడ్‌లో ఉన్నది వేరేవాళ్లు పెట్టింది, తర్వాత ఏం రావాలో యాప్ చెప్తుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ ఫోన్ నోట్స్‌లో ఒకే ఒక్క నోట్ తెరిచి, వారం పాటు అన్నీ అందులోనే రాయండి. కావాల్సింది సెర్చ్‌తో పట్టుకోండి. లీప్ కీలు లేకపోయినా, 1987లో ఆయన ఏం చెప్పాలనుకున్నారో కొంత అర్థమవుతుంది. ఎలా ఉందో కామెంట్స్‌లో చెప్పండి.