పెరటి కరివేపకు వారసులు!

కూరలో కరివేపాకును ఏరి పక్కన పెట్టినంత తేలిగ్గా, చెట్టు కింద లేచిన కరివేప పిలకల్నీ పీకి పారేస్తుంటారు చాలామంది. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు మాత్రం 'అయ్యో, అమ్మ పెంచిన చెట్టు' అని మనసు చివుక్కుమంటుంది. ఏళ్లనాటి చెట్టును వెంట తీసుకెళ్లడం కష్టం. దాని పిలకను తీసుకెళ్లడం తేలికే.

అయితే చెట్టు కింద కనిపించేవన్నీ పిలకలు కావు. నల్లగా పండి రాలిన కాయల నుంచి మొలిచిన విత్తనం మొక్కలూ వాటిలో ఉంటాయి. విత్తనం మొక్క అచ్చం తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు. పిలక తల్లిచెట్టులో భాగమే కాబట్టి అదే ఆకు, అదే ఘుమఘుమ.

మరి తేడా తెలిసేదెలా? మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో మెల్లగా తప్పించి చూడండి. కాండం కింద వేరు నిలువుగా లోపలికి దిగితే అది విత్తనం మొక్క. అడ్డంగా పాకుతున్న లావుపాటి వేరు మీద నుంచి కాండం లేస్తే అది పిలక. పాదు తవ్వేటప్పుడు పారో గునపమో తగిలి గాయపడిన వేరుకు ఇవి ఎక్కువగా వస్తాయి.

పిలకను గుర్తించగానే లాగేయకూడదు. అప్పటిదాకా దానికి నీరూ బలమూ అందేది తల్లిచెట్టు నుంచే. సొంత పీచువేర్లు అంతంతమాత్రం. అందుకే తొలకరి సమయంలో, మానుకు రెండు మూడు అడుగుల దూరంలో ఉన్న అడుగు ఎత్తు పిలకను ఎంచుకోవాలి. తల్లిచెట్టు వైపున్న వేరును పదునైన కత్తితో కోసి, మళ్లీ మట్టి కప్పేయాలి. నెల రోజులు అక్కడే ఉంచి, తడి ఆరకుండా చూడాలి. కొత్త చిగురు వేసిందంటే సొంతంగా నిలదొక్కుకున్నట్లే. అప్పుడు రెండో వైపు వేరునూ కోసి, మట్టిగడ్డతో సహా తీసి, అంతే లోతులో కుండీలో నాటాలి. కొన్ని ఆకుల్ని తుంచేసి రెండు వారాలు నీడన ఉంచితే చాలు. మొదటి ఏడాది మాత్రం పోపు కోసం దాని జోలికి వెళ్లొద్దు!

మారేడు, సీమపనస, ఆకాశమల్లె కూడా ఇలాగే వేరు పిలకలు వేస్తాయి. అంటు మొక్కల సంగతి వేరు. బత్తాయిని సాధారణంగా జంబేరి, రంగపూర్ నిమ్మ లాంటి వాటిమీద అంటు కడతారు. అంటు కింది నుంచి వచ్చే పిలక ఆ నిమ్మదే. దాన్ని ఎంత పెంచినా బత్తాయి కాయదు, పైగా అసలు మొక్క బలాన్ని లాగేస్తుంది. కనిపించగానే తీసేయాలి.

ఇల్లు ఖాళీ చేసే రోజున గునపం పట్టుకుంటే పిలక దక్కదు. బిల్డరుకు తాళాలు ఇవ్వడానికి కనీసం రెండు నెలల ముందే పని మొదలుపెడితే, కొత్తింటి బాల్కనీలోనూ పాత పెరటి కరివేప చిగురిస్తుంది.