జీతం లేని కొలువు

శనివారం పొద్దువాలే వేళ. దోర్నకల్ చుట్టుపక్కల ఏ పల్లెలోని చర్చికైనా వెళ్లండి. తాళంచెవి కోసం గురువుగారిని వెతకాల్సిన పని లేదు. ఆయన ఆ ఊళ్లో ఉండరు కూడా. గుడి పక్కింటి పెద్దమ్మ కొంగుముడిలో ఉంటుందది. ఆవిడ తలుపు తీస్తుంది. వెనకాలే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చీపుళ్లు, బకెట్లతో వస్తారు. ఊడవడం, తడిబట్ట పెట్టడం, చాపలు దులపడం, బల్లమీది గుడ్డ మార్చడం... గంటలో పని అయిపోతుంది.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. ఏ రంగు పడితే ఆ రంగు వేయరు. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు, లెంటు నలభై రోజులు ఊదారంగు. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తెలుపు. పెంతెకొస్తు పండగనాడు ఎరుపు. మిగతా కాలమంతా చాలామటుకు ఆకుపచ్చ. ఈ లెక్క ఆ అమ్మలకు కంఠతా వచ్చు. వాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లూ ఉంటారు. అయినా గుడ్డ రంగు తప్పదు!

ఇందుకు వాళ్లకు ఎవరూ పైసా ఇవ్వరు. ఊళ్లో ‘వాలంటీరు’ అన్న మాటా వాడరు. ‘పరిచర్య’ అంటారు. తెలుగు బైబిల్లోంచి నేరుగా నోటికి వచ్చిన మాట. ఆదివారం ఆరాధన మొత్తం ఇలాంటి జీతం లేని చేతుల మీదే నడుస్తుంది. వాళ్లు రాకపోతే ఆ ఊళ్లో ఆ ఆదివారం ఆరాధన ఉండదు. అతిశయోక్తి కాదు, నిజంగానే ఉండదు.

గుడారం నుంచి గుమ్మటాల దాకా

వరంగల్‌లో విజయవాడ వైపు రైలెక్కితే మహబూబాబాద్, గుండ్రాతిమడుగు, గార్ల దాటాక వచ్చే జంక్షన్ దోర్నకల్. కొత్తగూడెం బొగ్గు లైను విడిపోయేది ఇక్కడే. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లా ఊరే. మెదక్ చర్చి పేరు తెలియనివాళ్లు ఉండరు కానీ, దోర్నకల్ కెథడ్రల్ గురించి పక్క జిల్లావాళ్లకే అంతగా తెలియదు. దూరం నుంచి చూస్తే గుమ్మటాలతో మసీదేమో అనిపిస్తుంది. లోపలికి వెళ్తే స్తంభాలు దేవాలయ మంటపాన్ని గుర్తుచేస్తాయి. 1939 జనవరి 6న దీన్ని ప్రతిష్ఠించారు.

కట్టించింది వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళుడు. తిరునల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో 1874లో పుట్టారు. అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న ఈ ప్రాంతానికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. తొలి రోజుల్లో గుడారంలో కాపురం. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరూ తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని దోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా సొంత డయాసిస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ కూడా ఆయనొక్కరే.

ఆంగ్లికన్ అన్నా, అమెరికాలో పిలిచే ఎపిస్కోపల్ అన్నా ఒకే కుటుంబం. ‘ఎపిస్కోపల్’ అంటే బిషప్పు పెద్దరికంలో నడిచేదని అర్థం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసిపోయి దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడింది. ఆ కలయిక కోసం 1919 నాటి తరంగంబాడి సమావేశం నుంచీ పాటుపడిన అజరయ్య, దాన్ని చూడకుండానే దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలల ముందు వెళ్లిపోయారు. బిషప్పుల పద్ధతి మాత్రం కొత్త సంఘంలోనూ నిలిచింది.

బిషప్పు ఉన్నాడు సరే, పల్లెల మాటేమిటి? అజరయ్య కాలంలో ఈ డయాసిస్‌లో చేరినవాళ్లు రెండు లక్షలు దాటారు. అత్యధికులు మాల, మాదిగ వాడలవాళ్లు. అన్ని ఊళ్లకూ గురువుల్ని ఎక్కణ్నుంచి తేవాలి? అందుకే పల్లెకో ఉపదేశిని పెట్టారు. భార్యాభర్తలిద్దరూ బడి చెప్పాలి, ఆరాధన నడపాలి. పగలంతా పొలాల్లో ఉండే కూలి జనం కోసం పొద్దుగూకాక కిరసనాయిలు దీపం వెలుగులో ప్రార్థన. చదువు రాదు కాబట్టి ప్రార్థనలు, విశ్వాస ప్రమాణం, కీర్తనలు అన్నీ నోటి పాఠమే.

బాప్తిస్మం పొందినవాళ్ల చేత అజరయ్య ఒక పని చేయించేవారట. ఎవరి చేయి వాళ్ల తలమీద పెట్టుకుని, ‘నేను బాప్తిస్మం పొందినవాణ్ని, ఈ కబురు నలుగురికీ చెప్పకపోతే నాకు గతిలేదు’ అనే అర్థం వచ్చే మాటలు పలకాలి. ఏడాదికో వారం సాక్ష్యం కోసం. కూలి పనులు చేసుకునేవాళ్లు ఆ వారం సాయంత్రాలు పాటలు పాడుకుంటూ పక్క ఊళ్లకు వెళ్లేవారు. సంఘం పని సంఘంలోని ప్రతివాడిదీ అన్న అలవాటు అక్కడ పడింది. ఇప్పటి పరిచర్యకు వేరు అదే.

చదువు వచ్చిన పిల్ల నిలబడితే...

ఆదివారం ఉదయం. మొదటి గంట కొట్టగానే ఊరికి తెలుస్తుంది, ఇంకా టైముందని. రెండో గంటకు జనం కదులుతారు. గంట కొట్టడం చూడ్డానికి తేలిక. తాడు లాగే ఒడుపు తెలియకపోతే గంట ముక్కుతూ మూలుగుతూ మోగుతుంది. ఊళ్లో చావు కబురైతే గంట దెబ్బలు నిదానంగా, విడివిడిగా పడతాయి. తేడా అందరికీ తెలుసు.

ఆరాధనలో పాత నిబంధన నుంచి ఒకటి, పత్రికల నుంచి ఒకటి, సువార్త నుంచి ఒకటి పాఠాలు చదవాలి. ఏ ఆదివారం ఏది చదవాలో సీఎస్ఐ పంచాంగంలో ముందే ఉంటుంది. చదివేది సంఘంలోని మామూలు మనుషులే: ఒకవారం బ్యాంకు గుమస్తా, ఒకవారం ఇంటర్ చదివే అమ్మాయి, ఒకవారం రిటైరైన పంతులమ్మ.

తెలుగు బైబిల్ భాష గ్రాంథికం. ‘చెప్పెను, వెళ్లెను’ వరకూ ఫరవాలేదు. నెబుకద్నెజరు, మెఫీబోషెతు లాంటి పేర్లు వచ్చినప్పుడే అసలు పరీక్ష! శనివారం రాత్రి ఇంట్లో పది సార్లు చదువుకుని వచ్చి కూడా ఆదివారం మైకు ముందు తడబడ్డవాళ్లు బోలెడు మంది. ముందు వరసలోని తాతగారు గొంతు సవరించుకుంటే చాలు, ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట.

నవ్వులాటగా చెబుతున్నా గానీ, ఆ పఠన పీఠం ముందు నిలబడ్డానికి వెనక పెద్ద కథే ఉంది. ఆ అమ్మాయి ముత్తాత కాలంలో వాడ మనుషులు ఊరి బావి దగ్గరికి వెళ్లడానికి లేదు. బడిలో కూర్చోడానికి లేదు. నలుగురిలో గొంతెత్తి పుస్తకం చదవడమన్నది ఊహకందని సంగతి. ఇప్పుడు ఆ ఇంటి పిల్ల పుస్తకం తెరిచి చదువుతుంటే ఊరంతా లేచి నిలబడి వింటుంది, సువార్త చదివేటప్పుడు నిలబడడం ఆచారం మరి. ఈ ప్రాంతంలో ఎంతోమంది తొలిసారి మైకు పట్టుకున్నది గుళ్లోనే. తర్వాత టీచర్లయ్యారు, నర్సులయ్యారు, యూనియన్ నాయకులయ్యారు.

అంతా సవ్యంగా ఉందని కాదు. మాల, మాదిగల మధ్య ఎడం గుడి గడప దాటినా పూర్తిగా పోలేదు. అజరయ్యకూ అది తలనొప్పే. వంతులు వేసేటప్పుడు ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న గుసగుసలు నేటికీ ఉన్నాయి.

ఆడవాళ్ల విషయంలో మార్పు నెమ్మదిగా వచ్చింది. ఊడ్చడం, ముస్తాబు చేయడం ఎప్పుడూ వాళ్లదే. పాఠం చదవడం, కానుక పట్టడం, ప్రసంగం చేయడం ఒక్కొక్కటిగా అందాయి. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ.పుష్పలలిత బిషప్ అయ్యారు, సీఎస్ఐలో తొలి మహిళా బిషప్. ఆ కబురు పల్లె గుడిని ఊడ్చే అమ్మల దాకా వచ్చింది.

చేతిలోంచి చేతిలోకి

ప్రభు సంస్కారం ఇవ్వడానికి మాత్రం అభిషేకం పొందిన గురువే కావాలి. ఒక పాస్టరేట్ కింద చాలా ఊళ్లుంటాయి. కాబట్టి ఆయన వంతులవారీగా వస్తారు. ఆ ఆదివారం హడావుడి వేరు. ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసేది ఒకరు, రొట్టె చేసేది ఒకరు, పాత్రలు తళతళలాడేలా తోమేది ఇంకొకరు. గురువుగారు, అమ్మగారు దిగగానే మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్లు కూడా వంతుల ప్రకారమే.

ఆ ఆరాధనలో ‘సమాధానం’ పంచుకునే ఘట్టం ఒకటుంది. గురువు బల్ల దగ్గర మొదలుపెడతారు. ఇచ్చేవారు కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఎడమచేతులతో కప్పుతారు. అలా వరస వరసకూ, చేతి నుంచి చేతికి గుమ్మం దాకా వెళుతుంది. 1950 నాటి సీఎస్ఐ ఆరాధన క్రమంలో దీన్ని చేర్చారు. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నది. తర్వాత తర్వాత పాశ్చాత్య సంఘాలూ తమ ఆరాధనల్లో సమాధానం పంచుకోవడాన్ని తిరిగి తెచ్చుకున్నాయి, 1979 నాటి అమెరికా ఎపిస్కోపల్ ప్రార్థన పుస్తకంతో సహా. అంటే ఈ విషయంలో దక్షిణ భారతమే ముందు నడిచిందన్నమాట. కిందటి వారం గట్టు తగాదాలో మాటలు పడ్డ ఇద్దరు పక్కపక్కన నిలబడ్డప్పుడు చూడాలి ఆ ఘట్టాన్ని. చేయి చాపక తప్పదు. మొహం చూసుకోరు. కానీ చేయి అయితే చాపుతారు.

కానుకల ముచ్చట ఇంకోటి. అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి కుండలో వేయడం ఈ డయాసిస్‌లో పాత అలవాటు. పూట గడవనివాళ్లూ ఇవ్వగలిగే కానుక అది. ఆదివారం ఆ బియ్యం గుడికి వస్తుంది. కోత పండగ నాడైతే గుడి సంతలా ఉంటుంది. వడ్లు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు! ఆరాధన అయ్యాక వేలం. పాట పాడేవాడు మాటకారి అయి ఉండాలి. ఒకే సొరకాయను కొన్నవాడు మళ్లీ కానుకగా ఇచ్చేస్తే, దాన్ని రెండోసారీ మూడోసారీ వేలం వేస్తారు. బజారులో పదో పరకో పలికే కాయ వందలు దాటుతుంది. ఆ రోజు లెక్కలు రాసేందుకు కూర్చునే కుర్రాడికి సాయంత్రం దాకా తిండి ఉండదు.

పాటలవాళ్ల గురించి రెండు ముక్కలు. పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన కీర్తనలతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఇప్పటికీ పల్లె గుడికి ప్రాణం. ఒకప్పుడు హార్మోనియం, డోలక్, తాళాలు. ఇప్పుడు కీబోర్డు వచ్చింది. శుక్రవారం రాత్రి సాధనకు పిల్లలు కీబోర్డు కోసం వస్తారు, పెద్దలు కీర్తన రాగం తప్పిందని గొడవ పెడతారు. ఇద్దరూ ఆదివారం కలిసే పాడతారు.

ఖాళీ అవుతున్న వంతుల పట్టిక

ఇప్పుడు కష్టమంతా మనుషులతోనే వచ్చింది. చదువుకున్న పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయారు. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు వస్తారు, క్వయర్‌లో నిలబడతారు, మర్నాడు సాయంత్రం రైలెక్కుతారు. మిగతా ఆదివారాలకు అరవై దాటినవాళ్లే దిక్కు. శుభ శుక్రవారంనాడు సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు చెప్పడం చాలా గుళ్లలో వాడుక. ఏడుగురు దొరక్క ఒకరే రెండు మాటలు చెప్పాల్సి వస్తోంది. ఊరి చివర కొత్తగా వెలిసిన ప్రార్థన మందిరాల్లో పెద్ద స్పీకర్లు, డ్రమ్స్. కుర్రకారు అటు మళ్లుతోంది.

ఇంకో బాధ బయటికి చెప్పుకోనిది. పాస్టరేట్ కమిటీ ఎన్నికలు వచ్చాయంటే పరిచర్య కాస్తా పదవిగా మారుతుంది. ఓడిన వర్గం ఆర్నెల్లు గుడి మొహం చూడదు. నా మట్టుకు నాకు అర్థమైందేమిటంటే, చీపురు పట్టినవాళ్లెవరూ ఈ తగాదాల్లో ఉండరు. వాళ్ల పేరు ఏ కమిటీ కాగితంలోనూ ఉండదు. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు వచ్చినా రాకపోయినా శనివారం గుడి ఊడ్చి ఉంటుంది.

ఇన్ని ఉన్నా కొన్నిచోట్ల దారి వెతుక్కుంటున్నారు. సండే స్కూల్లోనే పఠనం వంతులు వేస్తున్నారు. కాన్క సంచి పిల్లల చేతికిస్తున్నారు. తప్పు చదివితే గొంతు సవరించుకోవద్దని తాతయ్యలకు ముందే చెబుతున్నారు!

ఆరాధన ముగిసింది. కీర్తనల నంబర్ల పలకలు పెట్టెలోకి వెళ్లాయి. చాపలు చుట్టేశారు. తాళంచెవి మళ్లీ పెద్దమ్మ కొంగుముడికి చేరింది. వెళుతూ వెళుతూ పంతులమ్మ ఒక చీటీ తీసి తొమ్మిదో తరగతి పిల్ల చేతిలో పెట్టింది, వచ్చే ఆదివారం చదవాల్సిన పాఠం. పిల్ల మెట్ల మీదే బైబిలు తెరిచి చూసింది. రెండో వచనంలోనే నోరు తిరగని పేరు.

“అమ్మా, దీన్నెలా పలకాలి?” అంటూ పంతులమ్మ వెంట పరుగెత్తింది.